ఫస్ట్ ప్రైజొచ్చిన వ్యాసం

మా అక్క కొడుకు లా మూడో ఏడు చదువుతున్నాడు. మొన్న శనివారం ఫోన్ చేసి, "మావయ్యా, కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారు. చట్టం, సమాజం మీద ఏదైనా పరిశోధించి రాయాలి. ఏ టాపిక్కయితే ప్రైజొస్తుందంటావ్?" అన్నాడు. కోడు రాసుకునేవాణ్ణి, నాకేం తెలుసురా అన్నాను. "నీకు స్కూల్లో ఫస్ట్ ప్రైజొచ్చిందటగా, అమ్మమ్మ చెప్పింది!"

నిజమే, వచ్చింది. తొమ్మిదో తరగతిలో. అంశం "వరకట్న దురాచారం". గైడులోంచి రెండు పేరాలు, తెలుగు మాస్టారు చెప్పినవి రెండు, చివర్లో "యువత నడుం బిగించాలి" అని నా సొంత వాక్యం ఒకటి. బహుమతిగా పేరు చెక్కించిన స్టీలు గ్లాసు ఇచ్చారు. మా అమ్మ ఇప్పటికీ అందులోనే కాఫీ తాగుతుంది.

పన్నెండేళ్ళ తర్వాత నా పెళ్ళి మాటల్లో మావాళ్ళు, "మేమేం అడగలేదండీ, వాళ్ళమ్మాయికి వాళ్ళే ఇచ్చుకుంటున్నారు" అని చుట్టాలకి చెప్తుంటే పక్కగదిలో కూర్చుని విన్నాను. యువత నడుం బిగించలేదు.

వాడికేం చెప్పాలా అనుకుంటుంటే థామస్ క్లార్క్‌సన్ గుర్తొచ్చాడు. 1785లో కేంబ్రిడ్జిలో లాటిన్ వ్యాసాల పోటీకి వైస్ ఛాన్సలర్ పీటర్ పెకార్డ్ ఒక ప్రశ్న ఇచ్చాడు. మనుషుల్ని వాళ్ళ ఇష్టం లేకుండా బానిసలుగా చేస్తే చెల్లుతుందా అని. అప్పటికి బ్రిటన్‌లో బానిసల వ్యాపారం నేరం కాదు. లివర్‌పూల్, బ్రిస్టల్ రేవుల్లోంచి దర్జాగా సాగుతోంది.

క్లార్క్‌సన్‌కి అప్పుడు పాతికేళ్ళు. ముందటేడు ఒక ప్రైజు కొట్టాడు, ఇదీ కొట్టాలని యావ. అచ్చం మావాడిలాగే అన్నమాట. విషయం గురించి ఏమీ తెలీదు. అందుకని ఆ వ్యాపారంలో ఉండి చనిపోయిన ఒకాయన కాగితాలు సంపాదించాడు, వెస్టిండీస్ చూసొచ్చినవాళ్ళని అడిగాడు. చదివేకొద్దీ నిద్ర పట్టేది కాదట. రాత్రుళ్ళు లేచి రాసుకోడానికి గదిలో కొవ్వొత్తి వెలుగుతూనే ఉండేదట.

ఫస్ట్ ప్రైజొచ్చింది. వ్యాసం చదివేసి లండన్ వెళ్తూ దారిలో వేడ్స్‌మిల్ దగ్గర గుర్రం దిగి రోడ్డు పక్కన కూలబడ్డాడు. నేను రాసింది నిజమే అయితే దీన్ని ఎవరో ఒకరు ఆపాలి కదా అనుకున్నాడు. 1787లో 12 మందితో ఏర్పడ్డ సంఘంలో చేరి, గుర్రం మీద వేల మైళ్ళు తిరిగి నావికుల సాక్ష్యాలు పోగేశాడు. లివర్‌పూల్‌లో షాపులో సంకెళ్ళు కొనుక్కొచ్చి జనానికి చూపించాడు. 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. బానిసత్వం రద్దు చట్టం 1833లో వచ్చేసరికి ఆయనకి 73 ఏళ్ళు. ఇదంతా ఆయనొక్కడే చేశాడని కాదు. బానిసల తిరుగుబాట్లూ ఉన్నాయి, పార్లమెంటులో విల్బర్‌ఫోర్స్ పోరాటమూ ఉంది. కానీ ఆయన మటుకు మొదలుపెట్టింది ప్రైజు కోసమే.

ప్రైజు కోసం రాయడం తప్పు కాదని నాకనిపిస్తుంది. తేడా ప్రశ్నలో ఉంది. కట్నం చెడ్డదని మా స్కూల్లో ఒప్పుకోనివాళ్ళు ఎవరు? ఇచ్చినవాళ్ళు, పుచ్చుకున్నవాళ్ళు, ప్రైజిచ్చినవాళ్ళు అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేకుండా రాసేశాను.

అందుకే వాడికిలా చెప్పాను. "1961 చట్టం ప్రకారం కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. 1986 సవరణ తర్వాత శిక్ష మామూలుగా ఐదేళ్ళకి తగ్గకూడదు. అడక్కుండా ఇచ్చే కానుకలకి మినహాయింపుంది, అదీ లిస్టు రాసిపెడితేనే. మన చుట్టాల్లో ఓ ఇరవై ఇళ్ళకెళ్ళి ఆ లిస్టు చూపించమను. మా ఇంటితో మొదలుపెట్టు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆదివారం వస్తానన్నాడు.

ఫోన్ పెట్టేసి మా ఆవిడతో, మన దగ్గర లిస్టేం లేదు కదా అన్నాను. "లేకేం, మా నాన్న డైరీలో ఉంది. అప్పులిచ్చినవాళ్ళ పేర్లతో సహా" అంది.

అప్పుల సంగతి నాకింతవరకూ తెలీదు. నేనెప్పుడూ అడగలేదు మరి.