పటములకు మెఱుగు

మా గోదావరిఖని యిండ్లలో గోడమీద దండ వేసిన పటము తఱచుగా కానవచ్చును. 1960 దశాబ్దమున నిచ్చట సింగరేణి గనులు తెఱచినపుడు పల్లెలనుండి వచ్చిన కార్మికులలో కొందఱికి, గుర్తింపు కార్డుకై తీయించుకొన్నది తప్ప వేఱొక ఫొటో లేదు. అది మాసి, మడతపడి, చెంపమీద కచేరి ముద్ర పడి యుండును. దానినే పెంచి పటము కట్టవలెను.

ఆ పని జరుగు విధమును మేమొక స్టూడియోలో నిలిచి చూచితిమి. బొమ్మను స్కానరుతో కంప్యూటరులోనికి దింపి, ఫొటోషాపునందు మూలమును ముట్టక, దానిపై పొరలు పఱచి, ఆ పొరలమీదనే దిద్దుదురు. 1990లో వెలువడిన యీ సాధనమునకు పొరలు 1994లో చేరినవి. చెంపనుండి కొంత చర్మపు ఛాయను గ్రహించి ముద్రపై నద్దుదురు. 2002లో వచ్చిన హీలింగ్ బ్రష్ ఆ యద్దకమును చుట్టుపట్ల వెలుగునీడలతో కలుపును. కోటు తొడుగుట యన్ననో, క్షణములో పని!

ఇది కేవలము క్రొత్త విద్య యని తలపరాదు. సికిందరాబాదున స్టూడియో నడపిన రాజా దీనదయాళు (1844-1905) నాటి గాజు ఫలకముల కాలముననే, పెన్సిలుతో నెగటివుమీద ముడుతలు పూడ్చు వాడుక లోకమున నుండెను. నెగటివుపై నలుపు పడినచోట అచ్చులో తెలుపు వచ్చును గదా.

మేమున్నప్పుడే యొక వృద్ధురాలు భర్త పటమునకై వచ్చెను. పనివాడు నొసటిమీది గీత నొకదానిని మచ్చ యనుకొని పూడ్చి యుండెను. గనిలో తగిలిన గాయమున బొగ్గునుసి చేరి, చర్మము క్రింద నీలముగా నిలిచిపోవు గీత యది. కడిగినను పోదు, గాయము మానినను పోదు. ఆమె తెరవంక చాలసేపు చూచి, "ఈయన మా ఆయన గాదు బిడ్డా. నొసటి మీది గీత ఏది?" యనెను.

కాలము చేసిన మాసికను తీయవచ్చును; పని యొక మనుష్యుని మేనిమీద వ్రాసినదానిని ఇంటివారి నడుగక తుడువరాదని మాకు తోచెను. పనివాడు మాఱు పలుకక, ఆ గీతను కప్పిన పొరను మాత్రము మఱుగుపఱచెను. గీత మరల వచ్చెను. ఆమె కన్ను లొత్తుకొనెను.

కోటును కూడ తీసివేయుదునా యని యతడు అడుగగా, వలదనెను. ఆయన బ్రతికి యుండగా కోటు తొడిగి యెఱుగడట, ఉండనిమ్మనెను.