సందక్‌ఫూ దారిలో పాత ఇంజన్లు

డార్జిలింగు నుంచి పాతిక కిలోమీటర్లకు పైచిలుకు దూరంలో, భారత నేపాల్ సరిహద్దు మీద, మానేభంజాంగ్ అనే చిన్న ఊరు ఉంది. సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తు. వీథికి ఒక వైపు మన దేశం, రెండవ వైపు నేపాల్. భంజ్యాంగ్ అంటే నేపాలీ భాషలో కనుమ. తెల్లవారుతూనే ఆ కనుమలో పాతకాలపు లాండ్ రోవర్ బండ్లు ఒక్కొక్కటిగా మేలుకొంటాయి. ఒకటి దగ్గుతుంది, మరొకటి రెండుమూడుసార్లు మొరాయించి అందుకుంటుంది.

లాండ్ రోవర్ 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలిసారి లోకానికి కనిపించింది. దాని మొదటి శ్రేణి బండ్ల తయారీ 1958తో ముగిసింది. తేయాకు తోటల దొరలు తెప్పించుకున్న ఆ బండ్లు, దొరలు వెళ్లిపోయిన తరువాత కొండవాసుల చేతికి వచ్చాయి. 2018లో లాండ్ రోవర్ డెబ్బయ్యవ ఏడు జరుపుకున్ననాటికి ఇక్కడ 42 పాత బండ్లు నడుస్తుండేవి. కొత్త జీపులు వచ్చినా, ఈ ముసలి బండ్ల కోసమే అడిగి ఎక్కే యాత్రికులు ఉన్నారు.

గమ్యం సందక్‌ఫూ. ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాల్‌లో అంతకన్న ఎత్తయిన చోటు లేదు. ఆకాశం నిర్మలంగా ఉంటే ఎవరెస్టు, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు అక్కడ నుంచి కనిపిస్తాయి. ప్రపంచంలోని అయిదు ఎత్తయిన శిఖరాలలో నాలుగింటిని ఒకేచోట నిలబడి చూడవచ్చు. దూరం 31 కిలోమీటర్లే. అయితే దారి ఊరు దాటగానే చిత్రే వైపు నిలువునా లేస్తుంది. తుమ్‌లింగ్ దాకా ఎక్కి, గైరీబాస్ వద్ద లోయలోకి దిగి, మళ్లీ కాలిపోఖ్రి వైపు ఎక్కుతుంది. బిఖేభంజాంగ్ దాటాక చివరి కిలోమీటర్లే అన్నిటికన్న కఠినం.

కొండ తీసుకునే వాటా

ఈ దారిలో ఏ బండి అయినా బలం కోల్పోతుంది. అందులో కొండ తీసుకునేది ఎంత, ఇంజను జబ్బు వల్ల పోయేది ఎంత అని తేల్చగలగడమే ఇక్కడి డ్రైవరుకు అన్నిటికన్న ముఖ్యమైన విద్య.

సందక్‌ఫూ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో మూడింట రెండు వంతులకన్న కొంచెం తక్కువ. సిలిండరులోకి అంతే తక్కువ గాలి చేరుతుంది. ఎంత ఆరోగ్యంగా ఉన్న పాత పెట్రోలు ఇంజను అయినా మూడవ వంతు బలం వదులుకోవలసిందే. పైగా కార్బ్యురేటరుకు గాలి పలుచబడిన సంగతి తెలియదు. అది పెట్రోలును ఆ మేరకు తగ్గించదు. మిశ్రమం చిక్కబడి, పొగ గొట్టం నుంచి నల్లని పొగ వస్తుంది, ప్లగ్గులకు మసి పడుతుంది. మసి పట్టిన ప్లగ్గు నిప్పురవ్వను సరిగా వేయలేదు. ఇంజను మిస్సు కొట్టడం మొదలుపెడుతుంది.

కొండ తీసుకునే బలం ఎత్తుతో పాటు మెల్లగా, నాలుగు సిలిండర్ల నుంచీ సమంగా పోతుంది. ఉన్నట్టుండి పోయినా, ఒక సిలిండరులోనే పోయినా అది కొండ తప్పు కాదు.

చెవితో చేసే పరీక్ష

అందుకే పరీక్ష చెవితో మొదలవుతుంది. తప్పే దెబ్బ తాళం వేసినట్టు క్రమంగా వినిపిస్తే జబ్బు ఒకే సిలిండరుది. క్రమం లేకుండా తడబడితే నాలుగింటికీ ఉమ్మడి అయిన చోట, అంటే కార్బ్యురేటరులోనో, డిస్ట్రిబ్యూటరులోనో, కాయిల్‌లోనో వెతకాలి. మొదటి సందర్భంలో, ఇంజను నడుస్తుండగా ప్లగ్గు తీగలను రబ్బరు తొడుగున్న పట్టకారుతో ఒక్కొక్కటే విడదీస్తారు. ఏ తీగ తీసినా ఇంజను చప్పుడు మరింత కుంటుపడాలి. ఏ తీగ తీసినప్పుడు మార్పు రాదో ఆ సిలిండరే రోగి.

తరువాత ప్లగ్గు రంగు చూస్తారు. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి మసి చిక్కని మిశ్రమానికి గుర్తు. నూనె జిడ్డు అరిగిన రింగులకు గుర్తు. సున్నంలా తెల్లబడితే పెట్రోలు చాలడం లేదని అర్థం.

నిప్పురవ్వ బలహీనంగా ఉన్న బండి ఊళ్లో నిలబెట్టినప్పుడు చక్కగానే నడుస్తుంది, ఎక్కుడులో మొరాయిస్తుంది. యాక్సిలరేటరు బలంగా తొక్కినప్పుడు సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో రవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. అరిగిన పాయింట్లు, చచ్చిన కండెన్సరు, డిస్ట్రిబ్యూటరు మూతలో వెంట్రుకవాసి పగులు అక్కడ బయటపడతాయి. సింగలీలా అడవిలో ఏ వేళనైనా కమ్ముకునే పొగమంచు తడి దానికి తోడవుతుంది. చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే పాత తీగల మీద నీలి మెరుపులు పాకడం కంటికే కనిపిస్తుంది. పొడిగుడ్డతో తుడవడం చాలాసార్లు సగం వైద్యం.

పెట్రోలు లోపం తీరు వేరు. ఎక్కుడులో కొంతసేపు లాగి, నీరసించి, కాసేపు ఆపితే తేరుకునే బండికి ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, పంపు నీరసించి ఉండవచ్చు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడినా అదే లక్షణం. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, జబ్బు కుదురుతుంది. మొదటి గేరులో చాలాసేపు ఎక్కినప్పుడు గొట్టంలోనే పెట్రోలు ఆవిరై దారి మూసేయడమూ ఉంది. పీడనం తక్కువైన కొద్దీ ద్రవాలు త్వరగా మరుగుతాయి. సందక్‌ఫూ మీద నీరే సుమారు 88 డిగ్రీల వద్ద మరుగుతుంది.

ఇవేవీ కాకపోతే కంప్రెషను చూడాలి. ఎత్తులో గేజి అంకె సహజంగానే తక్కువ చూపుతుంది. అందువల్ల అంకెను నమ్మక, నాలుగు సిలిండర్ల మధ్య తేడాను చూస్తారు. తక్కువైన సిలిండరులో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలిస్తే అంకె పెరగవచ్చు. పెరిగితే రింగుల దోషం, పెరగకపోతే వాల్వులది. పక్కపక్క రెండు సిలిండర్లూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

ఈ నిర్ణయాలకు గడువు కాలిపోఖ్రి. అక్కడ ఒక నల్లని చెరువు ఉంది, ఊరి పేరుకు అర్థమూ అదే. దాన్ని దాటి చివరి ఎక్కుడులోకి దిగాక ఇంజను ఆగిపోతే, మనుషులతో నిండిన బండి వెనక్కి జారకుండా ఆపేవి బ్రేకులు, గేరు, చక్రం వెనుక పెట్టే రాయి మాత్రమే. ఇంజను చప్పుడును తప్పుగా అర్థం చేసుకోవడం అక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. వెనక్కి తిప్పితే ఆనాటి కిరాయి పోతుంది.

అసలు విడిభాగాలు దొరకడం కష్టమయ్యాక కొన్ని బండ్లకు దేశీయ డీజిలు ఇంజన్లు అమర్చారు. డీజిలుకు ప్లగ్గు లేదు, పాయింట్లు లేవు. ఈ విద్యలో సగానికి అక్కడ పని లేదు. మిగిలిన పెట్రోలు బండ్లు అలవాటుగా వినే చెవుల మీదనే బతుకుతున్నాయి.

తిరుగు ప్రయాణంలోనూ చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. పై ఎత్తుకు తగినట్టు పెట్రోలు తగ్గించిన కార్బ్యురేటరును దిగి వచ్చాక మళ్లీ సరిచేయాలి. కింద చిక్కని గాలిలో ఆ కొద్ది పెట్రోలు చాలదు. ఇంజను వేడెక్కి వాల్వులు కాలతాయి. సాయంకాలం మానేభంజాంగ్ వీథిలో బానెట్లు ఎత్తి ఉంచిన బండ్ల దగ్గర ఆ పని జరుగుతుంది. స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి మార్పుకూ ఆగి ఇంజను చప్పుడు విని, మరునాటి ఎక్కుడుకు బండిని సిద్ధం చేస్తారు.