టికెట్ మీద ఒక పేరు, తిట్టులో ఇంకో పేరు

"సాలార్‌జంగ్ అంటే?" అని గైడ్ అడగ్గానే పన్నెండు మందిమీ ఒకేసారి "మ్యూజియం" అన్నాం. ఆయన నవ్వి, "మ్యూజియంకి తర్వాత పోదాం. ముందు మనిషిని చూద్దాం" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే కోఠిలో మొదలైంది మా హెరిటేజ్ వాక్. మొదటి సాలార్‌జంగ్, అంటే మీర్ తురాబ్ అలీ ఖాన్ జీవితం వెంట నడక. 1853లో హైదరాబాద్ దివాన్ అయ్యేనాటికి ఆయనకి 24 ఏళ్లు. నాకూ ఇప్పుడు 24. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నా. ఆయన చేతికొచ్చింది ఖాళీ ఖజానా. అప్పులు తీర్చలేక బేరార్‌ని బ్రిటిష్ వాళ్లకి అప్పగించి అప్పటికి కొద్ది రోజులే అయింది.

బస్టాండ్ దగ్గర ఓ స్మారక స్తంభం ముందు ఆగాం. నేను వందసార్లు దాటిపోయిన చోటే. అది తుర్రేబాజ్ ఖాన్‌ది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ మనుషులతో ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ సంగతి ముందే తెలుసుకుని రెసిడెంట్‌కి కబురంపింది మన దివానే. ఫిరంగుల ముందు దాడి నిలవలేదు. మౌల్వీని అండమాన్ పంపారు. తుర్రేబాజ్‌ని 1859లో చంపి, శవాన్ని జనానికి కనిపించేలా వేలాడదీశారు.

"అంటే మనం ద్రోహి టూర్‌కి వచ్చామా అన్నా?" అన్నాడు మా ఫ్రెండ్.

"సాయంత్రం అడుగు తమ్మీ" అన్నాడు గైడ్.

నయాపూల్ దాటి మ్యూజియంకి వెళ్లాం. ఇక్కడున్న వస్తువుల్లో ఎక్కువ భాగం ఆయన మనవడు మూడో సాలార్‌జంగ్ సేకరించినవి. అందరం ఫొటో తీసుకునే మేలిముసుగు రెబెకాని మాత్రం ఈయనే 1876లో రోమ్‌లో కొన్నాడు. పక్కనే దివాన్ దేవ్‌డీ. ఆయన కుటుంబం ఉన్న మహల్. 1951లో మ్యూజియం తెరిచింది కూడా అందులోనే. ఇప్పుడు పాత దర్వాజాలు మిగిలాయి, లోపలంతా హోల్‌సేల్ బట్టల దుకాణాలు. మూటలు మోసేవాళ్లకి దారిస్తూ, ఓ పక్కకి ఒదిగి నిలబడి విన్నాం మిగతా కథ.

అప్పట్లో శిస్తు వసూలు కాంట్రాక్టు పని. ఎవరు ఎక్కువ ఇస్తామంటే వాళ్లకే. రైతు దగ్గర ఎంత పిండుకుంటే అంత లాభం. దాన్ని తీసేసి, జీతమిచ్చి అధికారుల్ని పెట్టాడు. 1865లో జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలొచ్చింది ఆయన హయాంలోనే. వరంగల్ దగ్గర మా ఊళ్లో నానమ్మ ట్రంకుపెట్టెలోని భూమి కాయితాలు గుర్తొచ్చాయి. వాటిమీద పేరు తర్వాత ఊరు, తాలూకా, జిల్లా. ఆ వరుస వెనక ఓ మనిషి ఉన్నాడని ఎప్పుడూ అనుకోలేదు.

మరి కంపెనీని కాపాడినందుకు ఏం దక్కింది? 1860లో కొంత అప్పు మాఫీ చేశారు, రాయచూర్, ధారాశివ్ తిరిగిచ్చారు. బేరార్ ఇవ్వలేదు. దానికోసం బతికున్నన్నాళ్లూ అడుగుతూనే ఉన్నాడు.

చివరికి ఆటోల్లో చార్మినార్ దాటి దాయిరా మీర్ మోమిన్ శ్మశానానికి చేరాం. 1883 ఫిబ్రవరి 8న కలరాతో పోయాడు. 54 ఏళ్లు. దాదాపు ముప్ఫై ఏళ్లు రాజ్యం నడిపినాయన ఇక్కడే ఉన్నాడు. మా ఫ్రెండ్ మళ్లీ అదే ప్రశ్న వేశాడు.

"నేను జవాబు చెప్తే నువ్వు కోఠి మర్చిపోతావ్, లేకపోతే జిల్లా మర్చిపోతావ్" అన్నాడు గైడ్.

నాకైతే ఆ జులై రాత్రి ఇంకా గొంతులో ముల్లులానే ఉంది. నానమ్మ కాయితాలు కూడా కళ్ల ముందే ఉన్నాయి.

సోమవారం కోఠి బస్సులో సీటు కోసం గొడవ. "ఏంరా, పెద్ద తుర్రుమ్‌ఖాన్‌వా?" అన్నాడొకడు. ఆ మాట తుర్రేబాజ్ పేరు నుంచే పుట్టిందని హైదరాబాద్‌లో అంటారు. నవ్వొచ్చింది. స్టాప్‌లో దిగాక, ఆఫీస్‌కి లేటవుతున్నా, ఆ స్తంభం ముందు ఓ నిమిషం ఆగాను.