ఎనభై ఏడవ వంతు జగత్తు

ఇంటిలో ఒక గదిని ఖాళీ చేసి, అందులో పర్వతాలను, లోయలను, వంతెనలను, ఊళ్లను నిర్మించి, వాటి నడుమ చిన్న రైళ్లను నడిపే వ్యాసంగం ఒకటి ఉన్నది. చూసేవారికి అది బాలక్రీడ. చేసేవారికి దశాబ్దాల దీక్ష. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన, మాంటెరే పట్టణంలో నివసించిన జాన్ ఆలెన్ అనే ఛాయాగ్రాహకుడు ఈ కళలో అగ్రగణ్యుడు. సంకల్పానికీ ఫలానికీ ఉన్న సంబంధాన్ని విచారించేవారు ఆయన జీవితాన్ని తప్పక తెలుసుకోవాలి. అంతకుముందు ఆ కర్మ స్వరూపం కొంత తెలియాలి.

ఈ వ్యాసంగంలో బహుళప్రచారంలో ఉన్న పరిమాణం హెచ్ఓ. అందులో ప్రతి వస్తువూ అసలు వస్తువులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన దేశపు బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు కనుక దానిలో 87వ వంతు 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అయినా మన రైళ్లను నిర్మించేవారు సాధారణంగా బజారులో లభించే 16.5 పట్టాల మీదనే వాటిని నిలబెడతారు. ప్రతికృతి తొలి అడుగులోనే రాజీతో ఆరంభమవుతుంది.

దూరాల విషయంలో ఆ రాజీ ఇంకా పెద్దది. తెనాలి నుంచి విజయవాడకు 30 కిలోమీటర్ల పైచిలుకు. దానిని 87వ వంతుకు కుదించినా 340 మీటర్లకు పైగా స్థలం కావాలి. అంత ఇల్లు ఎవరికున్నది? అసలు రైలుమార్గంలో 175 మీటర్ల వ్యాసార్ధం గల వంపును చాలా తీవ్రమైనదిగా పరిగణిస్తారు. నమూనాలో అది 2 మీటర్లు. ఒక్క వలయానికే 4 మీటర్ల వెడల్పు గల గది సరిపోతుంది, మరి దేనికీ చోటు మిగలదు. అందుచేత 50 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో సరిపెట్టుకుని, ఆ అసహజమైన వంపును సొరంగంలో దాచివేస్తారు. ఒక మార్గం మరొక మార్గం మీదుగా దాటాలంటే దాదాపు 8 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. నూటికి రెండు వంతుల వాలుతో ఆ ఎత్తును అందుకోవడానికి 4 మీటర్ల దారి పడుతుంది. కాగితం ఎంత నిటారు వాలునైనా సహిస్తుంది. ఇంజను సహించదు, చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి. ఇక చేయి అందే దూరం 75 సెంటీమీటర్లు. అంతకు మించిన లోతులో ఎంత రమణీయమైన గ్రామాన్ని నిలిపినా, అక్కడ పట్టా తప్పిన వ్యాగన్‌ను తీయడానికి పర్వతాన్నే పగులగొట్టవలసి వస్తుంది.

మరొక చిక్కు మరింత సూక్ష్మమైనది. రెండు పట్టాలలో ఒకటి ధన విద్యుత్తును, మరొకటి ఋణ విద్యుత్తును వహిస్తాయి. బయలుదేరిన మార్గం చుట్టు తిరిగి తనను తానే కలుసుకుంటే ఎడమ పట్టా కుడి పట్టాను తాకి, క్షణంలో షార్ట్ సర్క్యూట్ అవుతుంది. రెండు చివరలా పట్టాలను ఖండించి, నడుమ భాగానికి ధ్రువాలను తారుమారు చేసే స్విచ్ అమర్చాలి. తనవైపే తిరిగి వచ్చే దారి అన్నిటికంటె కఠినమని సాధకులకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ ప్రస్తావన కేవలం విద్యుత్తును గురించే.

ఆలెన్ 1913లో మిస్సోరి రాష్ట్రంలోని జాప్లిన్‌లో జన్మించాడు. మాంటెరేలో స్థిరపడిన తరువాత ఒక మంచం పాటి చిన్న నమూనాతో ఆరంభించాడు. 1950ల మధ్యలో తన ఇంటి అడుగుభాగంలో మూడవ నమూనాకు పూనుకున్నప్పుడు ఆ తొలి యత్నాన్ని పారవేయలేదు. కొత్తదానిలో దానిని యథాతథంగా ఒక అంగంగా పొదిగాడు. నేల నుంచి కప్పు వరకు కొండలు లేచాయి. గది చాలనిచోట అద్దాలు నిలిపి దృశ్యాన్ని రెండింతలు చేశాడు. రైల్వేకు పెట్టిన పేరు రెండు ఊళ్ల పేర్లవలె కనిపిస్తుంది. బిగ్గరగా చదివితే ఇంగ్లీషులో ‘గోరీ అండ్ డిఫీటెడ్’ అని వినిపిస్తుంది. అనగా రక్తసిక్తం, పరాజితం. పట్టాల మీద షంటింగ్ చేసే ఇంజన్లలో ఒకటి నిజానికి స్టెగోసారస్ బొమ్మ. దాని పేరు ఎమ్మా, సంఖ్య 13.

ఆయన చేసిన గొప్ప పని వేరొకటి. అప్పటివరకు నమూనాలు సాధారణంగా దుకాణం నుంచి వచ్చిన మెరుపుతోనే ఉండేవి. ఆయన తన ఇంజన్లకు మసి పూశాడు, వ్యాగన్లకు తుప్పు రంగు వేశాడు, చెక్క గోడలను ఎండకు వానకు వెలిసినట్లు చేశాడు. కాలం తాకని వస్తువు కంటికి సత్యమని తోచదని ఛాయాగ్రాహకునికి తెలుసు. తాను కల్పించిన లోకంలో జీర్ణతను కూడా తానే, ఓపికగా, కుంచెతో కల్పించాడు.

ఈ సందర్భంలో సృష్టిని లీల అని వివరించే బ్రహ్మసూత్రాల విచారణ స్మరణకు రావడం సహజం. కాని ఆ పోలిక నిలవదు. లీల ఏ అవసరమూ లేనివానిది. ఈ నిర్మాత గోడకు, వాలుకు, ప్లాస్టర్ ఆరే వేళకు, చేయి పొడవుకు బద్ధుడు. నిష్కామకర్మ అనీ తేలికగా అనరాదు. దాదాపు ఇరవై సంవత్సరాలు ఒకే గదిపై మనస్సు నిలిపినవానికి దాని పూర్తి మీద ఆశ లేదనడం అతిశయోక్తి. ఒక్కటి మాత్రం నిశ్చయం. నిర్మాణం ముగిసేవరకు రైళ్లను ఆపి ఉంచలేదు. మిత్రులు క్రమం తప్పక వచ్చేవారు, ఒక్కొక్కరు ఒక్కొక్క బాధ్యత తీసుకునేవారు, వేగంగా తిరిగే గడియారాన్ని అనుసరించి కాలపట్టిక ప్రకారం రైళ్లు నడిచేవి. ఆ వేళలలో కర్త కూడా తన కాలపట్టికకు సేవకుడే.

1973 జనవరి 6న గుండెపోటుతో ఆలెన్ మరణించాడు. నమూనా దాదాపు పూర్తి కావచ్చింది. పది రోజులకు ఆ ఇంట అగ్నిప్రమాదం జరిగి అందులో అధికభాగం భస్మమైపోయింది.

మన ఇళ్లలో సంక్రాంతికి కొలువు తీర్చిన బొమ్మలను పండుగ కాగానే తీసివేస్తాము. మట్టి వినాయకుని నీటిలో కలుపుతాము. అక్కడ విసర్జనం ఆరంభం నుంచే కల్పనలో భాగం, కనుక చేతులకు బాధ లేదు. ఆలెన్ విషయంలో అట్లా కాదు. ఆయన ప్లాస్టర్ కొండలను నిమజ్జనం కోసం పోయలేదు. ఈ రెండింటినీ ఒకటిగా చూపి ఓదార్పు చెప్పడం ఆ శ్రమకు అన్యాయం.

మిగిలినవి ఆయన తీసిన ఛాయాచిత్రాలు. వాటి ఆధారంగా లిన్ వెస్ట్‌కాట్ రచించిన గ్రంథం 1981లో వెలువడింది. నమూనాలకు మసి, తుప్పు పూసే పద్ధతి లోకమంతటా అలవాటై, అది ఎవరి నుంచి వచ్చిందో తెలియనివారు కూడా పాటిస్తున్నారు. మరొకటి, మరణానికి రెండు నెలల ముందు, 1972 నవంబరులో ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికలో ప్రకటించిన ‘టైమ్‌సేవర్’ అనే షంటింగ్ క్రీడ. దానికి పర్వతాలు అక్కరలేదు, గది అక్కరలేదు. ఒక సన్నని పలక, ఐదు పాయింట్లు, ఒక ఇంజను, ఐదు వ్యాగన్లు చాలు. ఏ వ్యాగన్ ఎక్కడ ఉండాలో నిర్ణయించి, అతి తక్కువ కాలంలో దానిని అక్కడికి చేర్చాలి. ఆట ముగిసిన తరువాత వ్యాగన్లను మళ్లీ కలిపివేస్తారు.