పాత వేషము వేసికొన్న కొత్త గిటారు

మా ముందుగదిలో తూర్పుగోడకడ మా అత్తగారి బొబ్బిలి వీణ యున్నది. ఒకే పనసదుంగనుండి తొలిచిన ఏకాండి వీణ యది. దాని కెదురుగోడమీద, పోయిన సంక్రాంతి మొదలుకొని, మీగడరంగు విద్యుత్ గిటారొకటి వ్రేలాడుచున్నది. మా యింటికి వచ్చిన చుట్టము లందఱును "ఇది పాతదా, కొత్తదా?" యని యడుగుదురు. కొత్తదే. డెబ్బదియేండ్ల నాటి దానివలె కనబడునట్లు చేసిన కొత్తది. దానిని కొనుటలో మేము నేర్చుకొన్నదియు, అంతకుముందు నేను చేసిన యొక తప్పును మీకు చెప్పవలెనని చాల దినములుగా ననుకొనుచున్నాను. పిల్లలకు వాద్యములు కొనిపెట్టు తల్లులు మనలో ననేకులు కలరు గదా.

తప్పు ముందు చెప్పెదను. ఆఱేండ్ల క్రిందట మా అమ్మాయికి పదునొకండేండ్లు. గిటారు నేర్చుకొందునని పట్టుబట్టినది. నేను బజారునకు పోయి, చౌకగా వచ్చుచున్నదని మామూలు కొయ్యగిటారొకటి కొని తెచ్చితిని. తళతళలాడుచున్నది, సంచి కూడ ఊరకే యిచ్చిరి. చీర కొనునపుడు అంచు పట్టి చూచి, నేత వెలుతురున కెత్తి చూచి, రంగు నిలుచునా యని పదిమాఱు లడుగు నేను ఆ దినమున నొక్క ప్రశ్నయైనను వేయలేదు. మూడునెలలు గడచినవి. పిల్ల వ్రేళ్లకొనలు కందిపోయినవి. "అమ్మా, నొప్పి వేస్తోందే" యనినచో, "మొదట అందఱికీ అంతే" యంటిని. నేర్పుటకు వచ్చు మాష్టరు శ్రద్ధ చాలదనెను. ఒకనాడు నేను విసిగి, "ఏది మొదలుపెట్టినా నీకు పట్టుదల లేదే" యంటిని. పిల్ల మాఱు పలుకలేదు. గిటారును మంచము క్రిందికి త్రోసినది.

రెండేండ్ల తరువాత వీణకు మెట్లు సరిచేయించుటకై పనివా డొకడు మా యింటికి వచ్చెను. వీణమెట్లు మైనములో నిలుచును గనుక మైనము సడలినప్పుడెల్ల మేళము మఱల కట్టింపవలసియుండును. అతడు గిటారు పనియు నెఱిగినవాడు. మంచము క్రింది గిటారు చూపగా, తీగనొకమాఱు నొక్కి చూచి, జేబులోని ఉక్కుస్కేలు తీసి పండ్రెండవ మెట్టుకడ పెట్టెను. తీగకును మెట్టునకును నడుమ దాదాపు అయిదు మిల్లీమీటర్లు! అందులో సగమున్న చాలును. "అమ్మగారూ, దీనిమీద పెద్దవాళ్లకే వేళ్లు తెగుతాయి. పసిపిల్లకు ఎలా ఇచ్చారు?" అనెను. దాని మెడ తీగల బిగువునకు ముందునకు వంగిపోయినదట. ఆ రాత్రి నేను అమ్మాయితో, "నాకు తెలియలేదే" యని చెప్పబోగా, అది పుస్తకమునుండి తలయెత్తక, "నొప్పని చెప్పానుగా అమ్మా" యని మాత్రమన్నది.

ఆ పనివాడే మెడ సాగదీసి, తీగలు దించి యిచ్చెను. పిల్ల మఱల వాయింప నారంభించినది. పట్టుదల యెక్కడికిని పోలేదు.

ఇప్పుడు దానికి పదునేడేండ్లు. మా మేడలోని చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి, ఏడాదిన్నరలో ఇరువదిరెండువేలు కూడబెట్టినది. పాతకాలపు రీతి విద్యుత్ గిటారు కావలెనట. అత్తగారు అయిదువేలిచ్చిరి, మేమెనిమిది వేసితిమి. మొత్తము 35,000 రూపాయలు. పిల్ల కష్టార్జితము గనుక ఈమాఱు నేను కన్నులు మూసికొని బజారునకు పోదలచుకొనలేదు.

అత్తగారి మొదటి ప్రశ్న, "కరెంటు వీణా? షాకు కొట్టదు గదా?" అని. నవ్వవలసిన ప్రశ్న కాదది. ఈ గిటారునకు వీణకున్నట్టి కుండ లేదు, ఒడలంతయు గట్టికొయ్య. తీగల క్రింద అయస్కాంతములుండును. వానిచుట్టు వెండ్రుకవంటి సన్నని రాగితీగ వేలకొలది చుట్లు చుట్టియుండును. దీనినే పికప్పందురు. పైన ఉక్కుతీగ కంపించినప్పుడు చుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని యాంప్లిఫయరు పెద్దదిచేసి ధ్వనిగా మార్చును. గిటారులో పుట్టు విద్యుత్తువలన భయము లేదు. కాని తీగలు తంత్రిద్వారా యాంప్లిఫయరు ఎర్తుతో కలిసియుండును; ఇంటి ప్లగ్గులో ఎర్తు సరిగా లేనిచో అప్పుడు ప్రమాదమే. అందుచేత గిటారు కొనుటకు ముందే ఎలక్ట్రీషియనును పిలిచి మూడుకన్నుల ప్లగ్గు పరీక్ష చేయించితిని. అత్తగారి ప్రశ్నవలన కలిగిన లాభమిది.

పాతకాలపు రీతి యనగా నేమి? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున ఫులర్టను పట్టణములో లియో ఫెండరను రేడియో మరమ్మతుదారుడుండెను. తాను గిటారు వాయింపనేరడు. గట్టికొయ్య ఒడలికి మెడను వేఱుగా చేసి నాలుగు మరలతో బిగించుట యాతడు ప్రచారములోనికి తెచ్చిన పద్ధతి. మెడ చెడిపోయినచో విప్పి మఱియొకటి బిగింపవచ్చును; వంటింటి గరిటెకు పిడి మార్చినంత సులువు. 1950లో అమ్మకమునకు వచ్చిన ఆ గిటారునకు 1951లో టెలికాస్టరను పేరు నిలిచెను. 1954లో స్ట్రాటోకాస్టరు వచ్చెను. 1965లో ఆయన తన సంస్థను సీ.బీ.ఎస్. అను పెద్ద కంపెనీకి అమ్మివేసెను. అంతకుముందు చేసినవానికై సేకరించువారు లక్షలు పోయుదురు. మనబోటివారికై ఆ రూపమునే అనుకరించి చౌకగా చేయునవి వేఱుగా కలవు. ఫెండరు సంస్థయే 1982 మొదలుకొని స్క్వయర్ అను పేరుతో తక్కువ వెల గిటార్లు చేయించుచున్నది. మొదట జపానులో చేయించినది. ఇతరులును అనేకులు చేయుచున్నారు.

చౌకయనగా చెడ్డదని యెంచరాదు. అమెరికాలో నేథన్ డేనియల్ అనునాయన 1950ల దశకములో డేన్ఎలక్ట్రో అను గిటార్లు చేసెను. వానికి చెక్కపొట్టును అదిమి చేసిన అట్టపలకలు వాడెను. పికప్పులను, నవ్వకుడు, పెదవులకు రంగు పూసికొను లిప్‌స్టిక్కు గొట్టములలో నమర్చెను! సియర్స్ అను పెద్ద దుకాణము సిల్వర్‌టోన్ అను పేరుతో ఆయన గిటార్ల నమ్మెను. 1962 ప్రాంతమున వచ్చిన యొకదానికి పెట్టెలోనే యాంప్లిఫయరుండెడిది. పిల్లలకై కొన్న ఆ చౌకబారు వస్తువులనే నేడు పెద్ద పెద్ద వాయిద్యగాండ్రు వెదకి కొనుచున్నారు. అట్టపలకయైనను మెడ సరిగా నుండెను. అదియే కారణమని నాకు తోచుచున్నది.

దుకాణములో మూడు గిటార్లు చూపిరి. మొదటిది అమ్మాయి కన్ను చెదరగొట్టినది. దాని రంగును కావలెననియే అక్కడక్కడ గీకి, ఏబదియేండ్లు వాడినట్లు చేసినారు. అందుకు వెల హెచ్చు! కొత్తచీరకు మాసికలు వేసి యెక్కువ ధర చెప్పినట్లున్నది. "మేడమ్, అన్నీ కంపెనీలో చెక్ చేసి పంపినవే" యని దుకాణదారుడనెను. నేను తల యూపి, సంచిలోనుండి ఉక్కుస్కేలు తీసితిని.

మెడను మొదలు చివరినుండి, బాణమునకు గురి చూచినట్లు, ఒక కన్ను మూసి చూడవలెను. మెలిక యున్నచో ఆ గిటారు నక్కడనే విడువవలెను. మెలిక సులభముగా పోదు. వంపైతే ఫరవాలేదు. మెడ లోపల నుక్కుకడ్డి యొకటి యుండును. దానిని త్రిప్పిన సరియగును. (పాత పద్ధతిలో ఈ కడ్డి మర మెడ మొదట నుండును గనుక, మెడ సడలించిగాని త్రిప్పలేము. పాతకాలపు సొగసునకు మనము చెల్లించు సుంకము లిట్టివి.) తీగను మొదటి మెట్టుమీదను, మెడ ఒడలితో కలియుచోటి మెట్టుమీదను ఒక్కసారి నొక్కిపట్టి, నడుమ నెంత సందున్నదో చూడవలెను. విజిటింగు కార్డొకటి దూరునంత యుండిన మంచిది. విద్యుత్ గిటారులో పండ్రెండవ మెట్టుకడ తీగ ఎత్తు ఒకటిన్నర మొదలు రెండు మిల్లీమీటర్లు. గీకిన గిటారునకు మెడ మెలికగా నున్నది. అమ్మాయి ముఖము చిన్నబోయినది గాని, తానే స్కేలు తీసికొని రెండవదానిని పట్టుకొన్నది.

రెండవదాని మెడ నిక్కము. కాని తీగను ప్రక్కకు లాగి స్వరమును సాగదీసినప్పుడు నడుమ గొంతు నొక్కినట్లు ధ్వని చచ్చిపోవుచున్నది. పాత గిటార్ల మెడపలక మిక్కిలి గుండ్రము. ఏడుంకాలు అంగుళముల వ్యాసార్ధపు వృత్తములో ముక్క యది. ఇప్పటివానిలో తొమ్మిదిన్నరయో అంతకు మించియో యుండును. గుండ్రము హెచ్చిన కొలది, తీగ దించియున్నచో, లాగినప్పుడు పై మెట్టునకు తగులును. పాటకు ప్రక్కవాద్యముగా వాయించువారికి చేతికి హాయియే. మా అమ్మాయి గమకములవలె తీగ లాగుట కలవాటుపడినది. వీణయింటి పిల్ల గదా! అది దానికి పనికిరాదు.

మూడవది వెనుకవరుసలో నున్నది. మెడ కలియుచోట రంగు కొంచెము పెచ్చులూడినది. అందుకే యెవరును కొనలేదు కాబోలు. ఒడలు పైన్‌చెక్క. మెడపలక తొమ్మిదిన్నర. పండ్రెండవ మెట్టుమీద తీగను తేలికగా ముట్టి మీటిన స్వరమును, అదే మెట్టు నొక్కి మీటిన స్వరమును ఒక్కటిగా నుండవలెను. అది సరిగా తీగ నడిమిభాగము గనుక. ఫోనులోని శ్రుతియంత్రముతో ఆఱుతీగలు చూచితిమి. ఈ రీతి గిటారులో ఇత్తడి దిమ్మెలు మూడే యుండి, ఒక్కొక్కటి రెండేసి తీగలను మోయును. అందుచేత ఏదో యొక తీగ వెంట్రుకవాసి తేడా వచ్చుచునే యుండును. ఆపాటి తేడాతోనే ప్రపంచమంతయు వాయించుచున్నది. మెట్లకొనలమీద అఱచేయి జార్చి చూచితిని, గుచ్చుకొనలేదు. ఆ మెట్ల లోహమును నికెల్ సిల్వరందురు. అందులో వెండి యణువైనను లేదు. రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమమది. దుకాణదారుడు వెండిమాట యెత్తినపుడు నేను నవ్వితిని. స్విచ్చులు త్రిప్పి చూచితిమి. ఒక గుండీ గరగరలాడినది. దానిని శుభ్రముచేసి, తీగలు సరిదించి యిచ్చునట్లును, రంగు పోయినందులకు వెల తగ్గించునట్లును మాటాడితిని. యాంప్లిఫయరు, తీగెతో సహా 33,500 రూపాయలయినది.

ఇంటికి వచ్చిన పిమ్మట మావారు, "మళ్లీ అమ్మితే ఎంత వస్తుంది?" అనిరి. తక్కువయే వచ్చును. పాతదానివలె కనబడినంతమాత్రమున పాతదాని వెల రాదు. మఱియు మొదటి రాత్రియే జుమ్మను రొద యొకటి వినబడినది. పిల్ల బెదరినది. ఒకే చుట్ట గల పికప్పు మన యింటి విద్యుత్తు రొదను గూడ పట్టును. గిటారును కొంచెము త్రిప్పి కూర్చున్న తగ్గును. ఫ్యాను రెగ్యులేటరు ప్రక్కనుండి లేచిపోయిన మఱింత తగ్గును. ఈ రొదను చంపుటకే గిబ్సను సంస్థలో సెత్ లవరనునాయన 1955లో రెండుచుట్టల పికప్పు కల్పించెను. దాని స్వరము వేఱు, బొద్దుగా నుండును. మా అమ్మాయికి ఈ కంచుగంట స్వరమే కావలెను. రొదతో కాపురము చేయ నేర్చుకొన్నది.

ఎండలు ముదిరినపుడు హైదరాబాదు పొడిగాలికి మెడకొయ్య కొంచెము కుంచించి, మెట్లకొనలు బయటికి పొడుచుకొని వచ్చినవి. దుకాణములో నేను చేయి జార్చి చూచినది చలికాలమున! ఆ వీణ పనివానినే పిలిచితిమి. అత్తగారు ప్రక్కన కూర్చుండి, అతడు సన్నని ఆకురాయితో కొనలు నున్నచేయుట చూచుచు, "మా మెట్లు మైనంలో ఉంటాయి, ఎండొచ్చినా వానొచ్చినా మళ్లీ కట్టుకుంటాం" అనిరి. అతడు, "నిజమే అమ్మగారూ, కాని మీ మైనం ఎండకు కరుగుతుందిగా" యనెను. ఇద్దఱును నవ్విరి.

పాత కొయ్యగిటారును ఏమిచేయుద మనుకొనుచుండగా, క్రిందివాటాలోని తొమ్మిదేండ్ల పిల్ల, మా అమ్మాయివద్ద లెక్కలు చెప్పించుకొనునది, తనకు నేర్పుమని వచ్చినది. అమ్మాయి దుమ్ము తుడిచి, కొత్తతీగలు వేసినది. ఇచ్చుటకు ముందు నా సంచిలోని ఉక్కుస్కేలు తెచ్చి, పండ్రెండవ మెట్టుకడ పెట్టి కొలిచినది. "రెండున్నర" యని నాకు వినబడునట్లు చెప్పి, ఆ పిల్ల వ్రేలు పట్టుకొని తీగమీద నుంచి, "నొప్పిగా ఉందా? నిజం చెప్పు" అని యడిగినది.