వెనక్కి నడిచిన అంకె

ఆ ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి మా హాస్టల్ మెస్‌లో అన్నం అయిపోయింది. చికెన్ ఉంది, సాంబారు ఉంది, పెరుగు కూడా ఉంది. అన్నం లేదు. లైన్లో ఇంకా ముప్పై మందికి పైగా కంచాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. దానికి కారణం నేను రాసిన పదిహేను లైన్ల జావా కోడ్ అని నాకు ఆ రాత్రి తెలీదు. తెలీకపోవడమే కాదు, మా కోడ్‌లో తప్పే లేదని అదే లైన్ పక్కన నిలబడి గట్టిగా వాదించాను.

మా మెస్ గుమ్మం దగ్గర ఓ పొడుగు పుస్తకం ఉండేది. రాత్రి తినేవాళ్ళు సాయంత్రం ఐదు లోపు అందులో రూమ్ నంబర్ రాయాలి. ఐదింటికి వంట చూసే బాబాయ్ (హాస్టల్ మొత్తం ఆయన్ని అలాగే పిలుస్తుంది) కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెడతారు. కిలోకి ఏడుగురు చొప్పున బియ్యం కొలిచి, పైన ఇంకో అర కిలో వేసి, ఎసట్లో పోస్తారు. ఆ అర కిలో ఎందుకని మేమెప్పుడూ అడగలేదు.

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్ట్‌గా నేనూ, నా రూమ్మేటూ ఈ పుస్తకాన్ని వెబ్ పేజీగా మార్చేద్దామనుకున్నాం. ఫోన్‌లో రోల్ నంబర్ కొట్టి బటన్ నొక్కితే చాలు, వంటింట్లో పాత టాబ్లెట్ మీద అంకె దానంతటదే పెరుగుతుంది. మా ఇద్దరికీ జావాస్క్రిప్ట్ అంటే భయం. అందుకే వాడిన్ అనే ఫ్రేమ్‌వర్క్ పట్టుకున్నాం. పేరు చూసి నవ్వకండి, వాడిన పువ్వుకీ దీనికీ ఏ సంబంధం లేదు. ఫిన్లాండ్ వాళ్ళు తయారుచేసింది, వాళ్ళ భాషలో ఆ మాటకి ఆడ రెయిన్‌డీర్ అని అర్థం. దీంట్లో స్క్రీన్ మొత్తం జావాలోనే రాసుకోవచ్చు. మాకు అంతకంటే ఏం కావాలి!

ఇది ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. తోలుబొమ్మలాట గుర్తుచేసుకోండి. తెర మీద మనకి కనిపించేది నీడ మాత్రమే. బొమ్మలూ, వాటిని ఆడించే పుల్లలూ తెర వెనక ఉంటాయి. ఇక్కడ బ్రౌజర్ తెర. బటన్లూ, లేబుళ్ళూ అసలు రూపంలో సర్వర్ మెమరీలో జావా ఆబ్జెక్టులుగా ఉంటాయి. ప్రతి యూజర్‌కీ ఒక సెషన్, ఆ సెషన్‌కి ఒక లాక్. మీరు బటన్ నొక్కగానే సర్వర్‌లో ఒక థ్రెడ్ వస్తుంది, ముందు మీ సెషన్ లాక్ తీసుకుంటుంది, మన కోడ్ నడుపుతుంది, అయ్యాక లాక్ వదిలేస్తుంది. ఒకరి బొమ్మల్ని ఒకేసారి రెండు చేతులు పట్టుకోవడం జరగదు. లాక్‌ల గురించి మనం ఆలోచించక్కర్లేదు. ఈ 'ఆలోచించక్కర్లేదు' అన్న మాటే మా కొంప ముంచింది.

అసలు దెబ్బకంటే ముందు చిన్న దెబ్బలు తిన్నాం. టాబ్లెట్ మీద అంకె మార్చడానికి ఐదు సెకన్లకోసారి నడిచే ఒక బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ పెట్టాను. అందులో 'ప్రస్తుత యూఐ ఇవ్వు' అని అడిగితే నల్ వచ్చింది. ఆ సమాచారం థ్రెడ్‌లోకల్‌లో ఉంటుంది, రిక్వెస్ట్ మోసుకొచ్చిన థ్రెడ్‌కే తెలుస్తుంది, నేను పుట్టించిన థ్రెడ్‌కి తెలీదు. సరే అని పేజీ తెరుచుకున్నప్పుడే యూఐని ఒక వేరియబుల్‌లో దాచి వాడాను. ఈసారి ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్. సెషన్‌ని లాక్ చేయకుండా దాంట్లో వేలు పెట్టకూడదు అని దాని సారాంశం. డెవలప్‌మెంట్ మోడ్ కాబట్టి అంత గట్టిగా అరిచింది. ప్రొడక్షన్ మోడ్‌లో ఇదే తనిఖీ డిఫాల్ట్‌గా జావా అసర్షన్ రూపంలో ఉంటుంది, అసర్షన్లేమో మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. అంటే అక్కడైతే ఏ అరుపూ లేకుండా ఎప్పుడో ఏదో విరిగేది.

మందు యూఐ యాక్సెస్ అనే మెథడ్. మనం చేయాల్సిన మార్పుని దాని చేతికిస్తే, అది లాక్ తీసుకుని మన తరఫున చేసిపెడుతుంది. అదీ పెట్టాం. ఎర్రర్ పోయింది కానీ అంకె కదల్లేదు. టాబ్లెట్ మీద ఎక్కడైనా తాకితే మాత్రం ఒక్కసారిగా మారేది. తెర వెనక బొమ్మ కదిలింది, నీడకి కబురు అందలేదన్నమాట. పుష్ అనే యానొటేషన్ పెట్టాక అదీ తీరింది.

రెండు రాత్రుల పని. తెల్లవారుజామున నాలుగింటికి 'మామా, మనకి థ్రెడ్ సేఫ్టీ వచ్చేసింది రా' అని నా రూమ్మేట్ భుజం తట్టాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్షలో రేస్ కండిషన్ అంటే ఏమిటని అడిగితే నాకు రెండుకి రెండు మార్కులొచ్చాయి, అదొక ధీమా.

టెస్టింగ్ కూడా చేశాం. రెండు ట్యాబ్‌లు తెరిచి రెండిట్లోనూ టపటపా నొక్కాం. ఎన్నిసార్లు నొక్కితే అంత అంకె. రెండో ట్యాబ్ మాత్రం కాస్త ఆలస్యంగా జవాబిచ్చేది. వైఫై స్లో అనుకున్నాం. హాస్టల్ వైఫై మీద ఏ నింద వేసినా అతుకుతుంది కదా.

మొదటి వారం యాభై, అరవై మందే వాడారు, అదీ రోజంతా అప్పుడొకరు ఇప్పుడొకరు. తర్వాత పుస్తకం తీసేశారు. ఆ శనివారం బాబాయ్ నన్ను పిలిచి, 'బాబూ, ఈ అంకె ఒక్కోసారి వెనక్కి నడుస్తోంది. నూట పన్నెండు చూశాను, మళ్ళీ చూస్తే నూట పదకొండు' అన్నారు. ఎవరో క్యాన్సిల్ చేసుకుని ఉంటారు బాబాయ్ అన్నాను. బయటికొచ్చాక ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఆ రోజు ఎవరూ క్యాన్సిల్ చేసుకోలేదని తర్వాత చూస్తే తెలిసింది.

ఆదివారం చికెన్. నాలుగూ యాభైకి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో 'ఇంకా పది నిమిషాలే' అని నేనే మెసేజ్ పెట్టాను. మంచాల మీద పడుకున్న జనమంతా ఒక్కసారిగా నొక్కారు. ఐదింటికి టాబ్లెట్ మీద 206. బాబాయ్ అర కిలోతో కలిపి 30 కిలోలు పోశారు. ఎనిమిదిన్నరకి గుండిగ ఖాళీ.

మెస్ కమిటీ వాళ్ళు నన్ను పిలిచారు. నేను ఫోన్ తీసి చూపించాను. '206 మంది నొక్కారు. అంతకంటే ఎక్కువ కంచాలు వెళ్ళాయి. నొక్కకుండా ఎవరో తింటున్నారన్నా, అంతే.' ఎంత ధైర్యంగా అన్నానో! మిగిలినవాళ్ళని కన్ఫర్మేషన్ మెయిల్ చూపించమన్నాను. ఓ ఫస్టియర్ తమ్ముడు 'నొక్కానన్నా, ఫోన్‌లో ఛార్జింగ్ లేదు' అన్నాడు. 'ఆహా' అన్నాను. లైన్ మొత్తం నవ్వింది. వాడు కంచం తీసుకెళ్ళి ఉన్నచోటే పెట్టేసి వెళ్ళిపోయాడు.

బాబాయ్ మళ్ళీ ఎసరు పెట్టారు. లైన్ కదిలేసరికి తొమ్మిదింపావు దాటింది. పదకొండింటికి నేను మంచినీళ్ళ కోసం కిందకి వెళ్తే వంటింట్లో ఆయనా, ఇద్దరు కుర్రాళ్ళూ నేల మీద కూర్చుని ఉప్మా తింటున్నారు. మెస్‌లో వాళ్ళు తినేది అందరికంటే ఆఖరున. రెండోసారి వండిందీ అయిపోయింది. 'రా బాబూ, కాస్త పెట్టుకుంటావా?' అన్నారు. ఆ తర్వాత, తిట్టినట్టు కూడా కాకుండా, 'రేపట్నుంచి పుస్తకమే పెట్టేద్దాం' అన్నారు.

పొద్దున్నే ఆ తమ్ముడు మా రూమ్ తలుపు కొట్టాడు. ఏమీ మాట్లాడకుండా ఫోన్ చూపించాడు. మెయిల్ వచ్చిన టైమ్ నిన్న సాయంత్రం నాలుగూ యాభై ఆరు.

ఆ రోజు క్లాసులకి వెళ్ళలేదు. డేటాబేస్ తెరిచి ముందు పేర్ల లిస్టు లెక్కపెట్టాం. 243. పక్కనే కౌంట్ కోసం పెట్టుకున్న వేరే టేబుల్లో 206. ముప్పై ఏడుగురు లిస్టులో ఉన్నారు, లెక్కలో లేరు. వాళ్ళలో ఆ తమ్ముడు ఉన్నాడో లేడో ఎవరికీ చెప్పడం సాధ్యం కాదు. పోయింది పేర్లు కాదు, అంకెలు.

కోడ్ చదివితే వరస ఇలా ఉంది. కౌంట్ చదువు. పేరు లిస్టులో వెయ్యి. మెయిల్ పంపు. చదివిన కౌంట్‌కి ఒకటి కలిపి రాసెయ్యి. ఆ మెయిల్ వెళ్ళడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఈలోపు ఇంకొకరు వచ్చి అదే పాత కౌంట్ చదివితే? ఇద్దరూ ఒకే అంకె రాస్తారు. ఒకరి మెయిల్ మరీ ఆలస్యమైతే, అప్పటికే ముందుకెళ్ళిన అంకె మీద పాత అంకె పడుతుంది. బాబాయ్ చూసింది అదే.

కానీ నేను ఒప్పుకోలేదు. 'లాక్ ఉంది కదరా, ఇద్దరు ఒకేసారి ఎలా వస్తారు?' నిరూపిద్దామని మెయిల్ లైన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టాను. మా ఐడీఈ బ్రేక్‌పాయింట్ దగ్గర అన్ని థ్రెడ్లనీ ఆపేస్తుంది, అలా ఉంటే రేస్ ఎప్పటికీ కనపడదు. సెట్టింగ్ మార్చి ఆ ఒక్క థ్రెడ్ మాత్రమే ఆగేలా చేశాను. మొదటి ట్యాబ్‌లో నొక్కాను, ఆగింది. రెండో ట్యాబ్‌లో నొక్కాను. గిర్రున తిరుగుతూ కూర్చుంది. 'చూశావా, లాక్ కోసం ఎదురుచూస్తోంది' అన్నాను గెలిచినట్టు.

వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, 'మామా, రెండు ట్యాబ్‌లూ ఒకే బ్రౌజర్‌వి కదా. సెషన్ ఒకటే కదా' అన్నాడు.

నాకు కడుపులో ఏదో జారినట్టయింది. ఒకే సెషన్, ఒకే లాక్. మా టెస్టింగ్ అంతా ఒకే మనిషి రెండు చేతులతో కుస్తీ పట్టడం. రెండో ట్యాబ్ ఆలస్యానికి కారణం వైఫై కాదు, ఈ లాకే. ఫైర్‌ఫాక్స్ తెరిచి అక్కడ నొక్కాను. ఎవరి కోసమూ ఆగలేదు, వెంటనే వచ్చి అదే బ్రేక్‌పాయింట్ దగ్గర రెండో థ్రెడ్‌గా నిలబడింది. రెండిటినీ వదిలాను. లిస్టులో ఇద్దరు, కౌంట్‌లో ఒకటి. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. వాడిన్ తప్పేమీ లేదు. నా బొమ్మల్ని ఇంకొకరు ముట్టుకోకుండా కాపాడతానని అది చెప్పింది, కాపాడింది. ఊరందరిదీ అయిన ఆ ఒక్క అంకెకి కాపలా ఉంటానని ఎప్పుడూ అనలేదు. నేనే అనుకున్నాను.

పుస్తకంలో రెండు మార్కుల జవాబు పక్కనే థెరాక్-25 గురించి ఒక పెట్టె ఉంది. 1985 నుంచి 87 మధ్య ఆ రేడియేషన్ యంత్రం ఆరుగురికి ప్రమాదకరమైన మోతాదు ఇచ్చింది. కారణాల్లో ఒకటి రేస్ కండిషన్. ఆపరేటర్లు అలవాటుపడి వేగంగా టైప్ చేసినప్పుడే బయటపడింది. మా మెస్‌ని దాంతో పోల్చడం ఎక్కువే. కానీ అంతకుముందు ఆ పెట్టెని పరీక్షకి రాదని వదిలేశాను.

రిపేర్‌కి అరగంట కూడా పట్టలేదు. కౌంట్ టేబుల్ తీసేశాం. లిస్టు ఉండగా లెక్క వేరేగా దాచుకోవడం దేనికి? ఎన్ని వరసలున్నాయో డేటాబేస్‌నే అడుగుతాం. మెయిల్‌ని వేరే థ్రెడ్‌కి అప్పగించాం, యూజర్ లాక్ పట్టుకుని దాని కోసం కూర్చోవడం కూడా తప్పింది.

తమ్ముడికి సారీ చెప్పాను, సాయంత్రం లైన్లోనే, అందరి ముందూ. 'పర్లేదన్నా' అన్నాడు. అన్న తీరు చూస్తే పర్లేదన్నట్టు లేదు.

బాబాయ్ ఒక షరతు పెట్టారు. పది రోజులు పుస్తకమూ ఉంటుంది, టాబ్లెట్టూ ఉంటుంది, రెండూ కలిస్తేనే పుస్తకం తీస్తారు. మొదటి రోజు పుస్తకంలో మూడు ఎక్కువ. మాకు గుండె జారింది. రెండో రోజూ మూడే. మూడో రోజూ మూడే. రేస్ అయితే రోజుకో అంకె రావాలి, ఇదేమిటి ఇంత క్రమశిక్షణగా? కోడ్ మొత్తం మళ్ళీ తవ్వాం. ఏమీ దొరక్క, చివరికి వంటింట్లోకెళ్ళి పుస్తకమే అడిగి తీసుకున్నాం. ప్రతి రోజు పేజీలోనూ మా రూమ్ నంబర్లన్నీ అయ్యాక, అడుగున గీత గీసి, దాని కింద బాబాయ్ చేతిరాతతో ఒక లైను ఉంది. 'మేము 3'.

మా పేజీ రోల్ నంబర్ అడుగుతుంది. వాళ్ళకి రోల్ నంబర్లు లేవు. ఇప్పుడు టాబ్లెట్ మీద అంకె మూడు నుంచి మొదలవుతుంది.