మేడ మీంచి చూస్తే కమ్మా నిండా పిట్టలు

సత్రపట్టి అంటే బయటివాళ్లకు బ్యాండేజి గుడ్డ. గాయానికి కట్టే ఆ పల్చని గుడ్డ ఇక్కడి మరమగ్గాల మీద నేసిందే. రాజపాళయం వైపు పోతే నూలు మిల్లులు. రాజపాళయం మిల్స్ 1936లో మొదలైంది. పగలూ రాత్రీ చప్పుడుండే ఈ చోట పిట్టలేముంటాయిలే అనుకుంటారు. ఐప్పసి, కార్తిక వానలు పడ్డాక మేడ ఎక్కి చూడండి, తెలుస్తుంది.

మన వైపు చెరువును కమ్మా అంటాం. కొండల నుంచి దిగే నీళ్లు ఒక కమ్మా నిండి, అలుగు పారి, కింది కమ్మాకు పోతాయి. ఈశాన్య వానలు బాగా పడిన ఏడు మార్గశిరానికి అన్నీ నిండుతాయి. అప్పుడు నడి నీళ్లలో బాతులు, నుదుట తెల్లబొట్టు పెట్టుకున్న నల్లని బొల్లికోళ్లు, మునిగి లేచే నీటికాకులు కనిపిస్తాయి.

పులికాట్ లాంటి సముద్రపు కయ్యల దగ్గర ఆటుపోట్లుంటాయి. నీరు వెనక్కి పోయినప్పుడల్లా బురద బయటపడుతుంది, పిట్టలు దిగి పురుగులు ఏరుకుంటాయి. మనకు సముద్రం లేదు. కానీ మడవ తీసి వరికి నీళ్లు వదిలేకొద్దీ కమ్మా అంచు మెల్లగా వెనక్కి జరుగుతుంది. సముద్రం ఒక పూటలో చేసే పని మన కమ్మాలో రెండు మూడు నెలలు సాగుతుంది. అందుకే మార్గశిరంలో బాతుల్ని చూడాలి, పుష్యం, మాఘాల్లో ఒడ్డు బురదను చూడాలి. పొడుగాటి ఎర్రకాళ్ల మీద నడిచే నలుపు తెలుపు పిట్టలు, తోక ఆడిస్తూ పరుగెత్తే ఉల్లంకులు అప్పుడే దిగుతాయి.

ఇందులో దూరం నుంచి వచ్చేవి కొన్నే. పెద్ద ఎర్రకాళ్ల కొంగను చూసి "సైబీరియా నుంచి వచ్చింది" అంటారు మనవాళ్లు. అది మన దేశపు పిట్టే, నీళ్లున్న చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. గూడబాతూ అంతే. నిజంగా దూరం నుంచి వచ్చేవి చిన్నవి. పొద్దున కరెంటు తీగ మీద వరసగా కూర్చునే కత్తెర తోక పిట్టలు ఉత్తరాది నుంచి వస్తాయి. నల్ల తల, గులాబీ ఒళ్లు ఉన్న గోరింకలు మధ్య ఆసియాలో గూడు కట్టి, చలికాలానికి గుంపులుగా మన చేలకు దిగుతాయి. తిరునెల్వేలి జిల్లా కూందన్‌కుళానికి వచ్చే పట్టెతల బాతులైతే హిమాలయాలు దాటి వస్తాయి.

చూడటానికి ఖర్చు లేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్లు పడుకునే ముందు పావుగంట మేడ మీద నిలబడితే చాలు. కమ్మా ఇంటికి పడమట ఉంటే పొద్దున చూడండి, తూర్పున ఉంటే సాయంత్రం. ఎండ వీపు మీద పడాలి, కంట్లో పడితే అన్ని పిట్టలూ నల్లగానే కనిపిస్తాయి. పేరు తెలియకపోతే మూడు సంగతులు రాసుకోండి: కాళ్ల రంగు, ముక్కు పొడుగు, నీళ్లలో ఉందా బురదలో ఉందా. పిల్లల నోటు పుస్తకంలో వెనక పేజీ చాలు. తమిళనాడులో పొంగలు సెలవుల్లో పిట్టల లెక్క జరుగుతుంది. పావుగంట చూసి లెక్క రాసినా అందులో చేర్చుకుంటారు.

ఈ లెక్క మన ఇంటి లెక్క కూడా. కమ్మాలో పిట్టలున్నాయంటే చేపుంది, పురుగుంది, నీళ్లున్నాయి. ఆ నీళ్లే భూమిలోకి ఇంకి మన బావులకు, బోరులకు వస్తాయి. వరవు కాలవలో చెత్త పోసినా, ప్లాస్టిక్ సంచుల్లో కత్తిరింపు గుడ్డ విసిరేసినా, సీమ కరువేలం కమ్ముకున్నా ముందు ఒడ్డు పిట్టలు మానేస్తాయి. తర్వాత ఎండాకాలంలో బిందెలు పట్టుకుని లారీ కోసం నిలబడేది మన ఆడవాళ్లే. వెనక ఊరంతా కలిసి కమ్మా పూడిక తీసే కుడిమరామత్తు ఉండేది. 2017లో సర్కారు ఆ పేరుతోనే మళ్లీ పని మొదలుపెట్టింది. సర్కారు పూడిక తీసినా చెత్త వేయకుండా చూసుకోవాల్సింది మనమే.

శివగంగ జిల్లా వేట్టంగుడి దగ్గర ఊళ్లవాళ్లు పిట్టలు బెదురుతాయని దీపావళికి టపాసులు కాల్చరు. కూందన్‌కుళంలో ఇళ్ల చెట్ల మీదే కొంగలు గూళ్లు కడతాయి. వాటి రెట్ట, వాసన భరిస్తూనే ఊరు వాటిని కాపాడుతోంది. వాళ్లూ మనలాగా కూలి చేసుకునే జనమే. మనం అంత చేయలేకపోయినా, ఈ పొంగలుకు బోగి నాడు పాత టైర్లు, ప్లాస్టిక్ కమ్మా ఒడ్డున తగలబెట్టకుండా ఉండగలం. మర్నాడు పొద్దున పిల్లల్ని మేడ ఎక్కించి ఎన్ని రకాలు కనిపించాయో లెక్కపెట్టించండి. ఆ కాగితం దాచి ఉంచితే, వచ్చే ఏడు లెక్కతో పోల్చి చూసుకోవచ్చు.